జన్యు చికిత్స వార్త చూసి నెలనెలా సూది మానొద్దు

సంపాదకులకు నమస్కారం.

వయసు మీద పడి చూపు మందగించినవారికి జన్యు చికిత్సతో, ఒక్క సూదితోనే చూపు తిరిగి వస్తుందనే అర్థంలో ఈమధ్య తరచుగా వార్తలు కనిపిస్తున్నాయి. అలాంటి ఒక వార్త వల్ల మా ఇంట్లో జరిగిన నష్టాన్ని చెప్పి, వీటిని ఇకనైనా పూర్తి వివరంతో ప్రచురించమని కోరడానికే ఈ ఉత్తరం.

మా అమ్మకు 76 ఏళ్లు. రెండేళ్ల కిందట ఒక పొద్దున ‘‘కిటికీ కడ్డీలు వంకరవోయినయేంది బిడ్డా’’ అని అడిగింది. చాటలో బియ్యం ఏరుతుంటే అంచుల్లోని గింజలు కనిపిస్తున్నాయి గానీ, సరిగ్గా చూపు నిలిపిన చోటే మసక మచ్చ అడ్డం వస్తోందని చెప్పింది. మేము మోతిబిందు అనుకున్నాం. అద్దాల దుకాణంలో వయసు ప్రభావమేనని నంబరు మార్చి పంపారు. నాలుగు నెలలు అట్లా గడిచాక హైదరాబాద్‌లో రెటీనా (కంటి వెనక ఉండే, చూపును పట్టే పొర) వైద్యులు చూసి, ఇది తడి రకం మాక్యులర్ డీజెనరేషన్ అని తేల్చారు. రెటీనా నడిమధ్య ఉండే మాక్యులా కింద కొత్త రక్తనాళాలు పుట్టి, వాటి నుంచి నీరు, రక్తం కారడం వల్ల ఈ జబ్బులో నడిమి చూపు పోతుంది. ఆ నాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను అడ్డుకునే మందును కంట్లోకి సూదితో ఇస్తారు. మందు ప్రభావం కొన్ని వారాలే ఉంటుంది కాబట్టి మళ్లీ మళ్లీ వేయించుకోవాల్సిందే. దేవరకొండ నుంచి వంద కిలోమీటర్లకు పైగా బస్సులో వెళ్లి, ఒక కంటికి కట్టుతో రాత్రికి ఇల్లు చేరే 76 ఏళ్ల మనిషికి అది చిన్న కష్టం కాదు.

అందుకే ‘ఒక్క సూది’ వార్త చదివి వినిపించగానే, అదేదో వచ్చాకే పోదామని అమ్మ పట్టుబట్టింది. నేనూ గట్టిగా చెప్పలేకపోయాను. మూడు నెలలు మానేసరికి మళ్లీ నీరు చేరింది, కుడి కంట అక్షరాలు పోల్చుకునే చూపు పోయింది. తర్వాత ఎన్ని సూదులు వేసినా అది తిరిగి రాలేదు.

ఆ వార్తలో లేనివి తర్వాత వైద్యులను అడిగి తెలుసుకున్నాను. అమెరికాలో 2017 డిసెంబరులో అనుమతి పొందిన లక్స్‌టర్నా అనే జన్యు చికిత్స, ఆర్‌పీఈ65 జన్యువులో లోపం వల్ల వంశపారంపర్యంగా వచ్చే అరుదైన అంధత్వానికి మాత్రమే. రెండు కళ్లకూ కలిపి దాని ధర 8.5 లక్షల డాలర్లు. వృద్ధుల తడి రకం జబ్బుకు పరీక్షిస్తున్నది వేరు. హాని చేయకుండా మార్చిన వైరస్ ద్వారా మందు ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువును కంట్లోకి పంపితే, కంటి కణాలే మందును తయారుచేసుకుంటాయి. ఎండిన బావి పక్కన మోటారు బిగించడం కాదిది, నెలనెలా ట్యాంకరు తెప్పించే ఇంటికి నల్లా కనెక్షన్ ఇవ్వడం వంటిది. అంటే సూదుల సంఖ్యను తగ్గించడమే దీని ఉద్దేశం, అప్పటికే చచ్చిపోయిన రెటీనా కణాలను ఇది బతికించదు. ఇదే పద్ధతిని మధుమేహం వల్ల వచ్చే మాక్యులా వాపుకు ఎక్కువ మోతాదులో ఇచ్చి చూసినప్పుడు ఒక రోగికి ఆ కంటి చూపు పోయిందని 2021లో ప్రకటించారు. మాక్యులర్ డీజెనరేషన్‌లోనే నీరు, రక్తం కారని పొడి రకానికి పరీక్షించిన ఒక జన్యు చికిత్సను ఫలితం కనిపించక 2023లో ఆపేశారు. పరిశోధన మీద నాకు గౌరవం ఉంది, అమ్మ వయసువాళ్లకు అది అందాలనే నా కోరిక. కానీ ఏ జబ్బుకు, ఏ దశలో ఉంది, ఈలోగా ఏం చేయాలి అనే మూడు మాటలు వార్తలోనే ఉండాలి.

ప్రభుత్వానికి కూడా ఒక విన్నపం. 2018లో, మళ్లీ 2023లో కంటి వెలుగు శిబిరాలు ఊరూరా జరిగి లక్షల మందికి అద్దాలు అందాయి. ఇకపై పెట్టే శిబిరాల్లో నిలువు, అడ్డ గీతల గడుల కాగితాన్ని ఒక్కో కంటితో చూపించి, గీతలు వంగి కనిపిస్తున్నాయా అని అడిగితే చాలు, మా అమ్మ వంటివారు నాలుగు నెలల ముందే రెటీనా వైద్యుల దగ్గరికి చేరతారు. ఇప్పుడున్న సూది మందు నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో తప్పిపోకుండా అందేలా చూడాలి. అమ్మ ఎడమ కన్ను ఇంకా బాగుంది, వచ్చే నెల మళ్లీ బస్సెక్కాలి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా