తెలుగు నోటీసులకు ఇంగ్లిష్ కొలబద్దా?

సంపాదకుడు గారికి,

నోటీసులు, పాఠాలు జనానికి ఎంత సులువుగా అర్థమవుతాయో కంప్యూటరే లెక్కగట్టి చెబుతుందని పోయిన ఆదివారం మీ పత్రికలో చదివాను. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినవాడిని, రాయకుండా ఉండలేకపోతున్నాను.

మీరు రాసిన సూత్రం రుడాల్ఫ్ ఫ్లెష్ 1948లో ఇంగ్లిష్ కోసం తయారు చేసింది. వాక్యంలో ఎన్ని పదాలు, పదంలో ఎన్ని అక్షరాలు పలుకుతాయి, ఈ రెండే చూస్తుంది. నూటికి దగ్గరైతే సులువు, సున్నాకు దగ్గరైతే కష్టం. పెన్ను, కాగితం తీసుకుని నేనే లెక్కేశాను. ‘వాడు చదువుకోవాలనుకుంటున్నాడు’ అన్న వాక్యానికి మైనస్ 345 వచ్చింది! రెండో తరగతి పిల్లవాడికి అర్థమయ్యే మాట అది. తెలుగులో క్రియకు ప్రత్యయాలు అతుక్కుంటూ పోయి పదం పొడుగవుతుంది, అంతమాత్రాన కష్టమవుతుందా? అదే ‘సదరు అర్జీ ఖారిజు’కు వచ్చింది మైనస్ 22. ఈ లెక్కన ఇదే సులువు.

ఆ మూడు మాటలే మా మేనత్తను ఏడిపించాయి. ఆమెది పరకాల దగ్గరి పల్లె. ఒక ఆఫీసు నుంచి వచ్చిన ఆ కాగితాన్ని పని అయిందనుకుని పాస్‌బుక్కులో మడతపెట్టి రెండు నెలలు దాచుకుంది. కిరాణా కొట్టాయనకు చూపించింది, ఇంటర్ చదివే మనవరాలికి చూపించింది. ఇద్దరికీ అంతుపట్టలేదు. హన్మకొండలో నా చేతికి వచ్చేసరికి అప్పీలు గడువు దాటిపోయింది. ‘మీ అర్జీ కొట్టేశాం, నెలలోపు అప్పీలు చేసుకోండి’ అని రాయడానికి చేతులు రాలేదా? ఆ ఆఫీసులో అడిగితే ‘నమూనా పైనుంచి వచ్చింది సార్’ అన్నారు. తెలుగును అధికార భాష చేసిన చట్టం 1966లోనే వచ్చింది. ప్రజాకవి కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన తిరిగిన ఊళ్లోనే నోటీసు భాష ఇట్లా ఉంటే ఎవరికి చెప్పుకోవాలి? పాఠ్యపుస్తకాల సంగతి ఎత్తితే మరో ఉత్తరం అవుతుంది.

కంప్యూటర్ వద్దని నేననను. తెలుగుకు తగ్గట్టు కొలవనివ్వండి. పదం జనం నోట ఎంత నలిగిందో, వత్తులెన్ని ఉన్నాయో చూడనివ్వండి. అంతకన్నా ముందు, ఏ నోటీసైనా అచ్చేసేముందు వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు వచ్చిన పది మంది రైతులకు చదివి వినిపించి, ఏం అర్థమైందో వాళ్ల నోటితోనే చెప్పించుకోవాలి. ఒక్క పూట పని. ఆఫీసుల్లో తీరిక లేదంటే రిటైరైన పంతుళ్లం ఇక్కడ చాలామందిమి ఉన్నాం. కబురు చేస్తే పొద్దున్నే వచ్చి కూర్చుంటాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు పండిట్,
హన్మకొండ