కంపెనీ సెట్టు మార్చకుండానే మీ పాటలు: మా షాపులో ఇకమీదట పని ఇలా

విజయనగరంలో మా కార్ ఆడియో షాపుకి వచ్చే అందరికీ నమస్కారం. ఈమధ్య మీలో చాలామంది రెండు విషయాలు అడుగుతున్నారు. సిగరెట్ లైటర్‌లో గుచ్చే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లు అమ్మడం ఎందుకు మానేశారని ఒకటి. కంపెనీ సెట్టు వెనక వైర్లు కోసి ఆక్స్ (ఫోన్‌ని వైరుతో కలిపే రంధ్రం) లాగమంటే ఎందుకు ఒప్పుకోవడం లేదని రెండోది. కౌంటర్ దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ పూర్తిగా చెప్పే తీరిక దొరకడం లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు అసలు మాట చెప్పేస్తాను. పాటల కోసం బండి తెచ్చినవాళ్ళకి, ఆ బండితో వచ్చిన కంపెనీ సెట్టుకే మీ ఫోన్‌నో ప్లేయర్‌నో కలిపే దారి ముందు వెతుకుతాం. ఏ దారీ లేదని తేలితేనే కొత్త సెట్టు గురించి మాట్లాడతాం. ఆండ్రాయిడ్ స్క్రీన్ ఒకటి అమ్మితే మాకు మిగిలేది ఎక్కువ, ఒక కేబుల్ అమ్మితే మిగిలేది చాలా తక్కువ. అది తెలిసే ఈ నిర్ణయం తీసుకున్నాం. రివర్స్ కెమెరా కావాలన్నా, మ్యాప్ పెద్దగా కనపడాలన్నా స్క్రీన్ వేయించుకోండి, సంతోషంగా వేస్తాం. కానీ పాట వినడానికి మాత్రమే అయితే పది బండ్లు వస్తే అందులో ఎక్కువ బండ్లకి అది అక్కర్లేదు.

ఇప్పుడు ఎఫ్ఎం సంగతి. ఆ పరికరం ఒక చిన్న రేడియో స్టేషన్. 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య మీరు పెట్టిన నంబరు మీద పాటని గాలిలోకి వదులుతుంది, మీ సెట్టు దాన్ని రేడియోలాగే పట్టుకుంటుంది. మన ఊళ్ళో ఖాళీగా దొరికిన నంబరు విశాఖ వెళ్తుంటే ఆనందపురం దాటేసరికి ఖాళీగా ఉండకపోవచ్చు. అక్కడి స్టేషన్ల బలం ముందు ఈ చిన్నది నిలబడదు. పాట మధ్యలో ప్రకటనలు దూరతాయి, మళ్ళీ నంబరు మార్చాలి, అదీ బండి నడుపుతూ. అదే మనిషి సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్ వైపు వెళ్ళినా, ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్‌లో అరకు వెళ్ళినా కొండలు స్టేషన్లని అడ్డుకుంటాయి కాబట్టి శుభ్రంగా వినిపిస్తుంది. అందుకే "నాది బాగానే పనిచేస్తోంది" అనేవాళ్ళూ, "డబ్బు దండగ" అనేవాళ్ళూ ఇద్దరూ నిజమే చెబుతున్నారు. వాళ్ళు తిరిగే రోడ్లు వేరు, అంతే.

మంచి సిగ్నల్ ఉన్నా ఇంకో లోటు ఉంది. ఎఫ్ఎం ప్రసారంలో 15 కిలోహెర్ట్జ్ పైన ఉండే సన్నటి శబ్దాలు వెళ్ళవు. చవక పరికరాల్లో వెనకాల సర్‌మనే మోత అదనం. వార్తలకీ, హుషారు పాటలకీ అది పెద్దగా తెలియదు. కానీ మాకు సంగీత కళాశాల వైపు నుంచి వచ్చేవాళ్ళున్నారు. 1919లో పెట్టిన పాఠశాల అది, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్, ఘంటసాల చదువుకున్న చోటు. అక్కడివాళ్ళు కచేరీ రికార్డింగులు విడిగా ఒక ప్లేయర్‌లో పెట్టుకుని తెస్తారు. ఆ మోత కింద తంబుర శ్రుతి మునిగిపోతే వాళ్ళకి అది వినడమే కాదు. అలాంటివాళ్ళ చేతిలో ఎఫ్ఎం ముక్క పెట్టి డబ్బులు తీసుకోవడం నాకు ఇష్టం లేదు. సులువైన దారులు వేరే ఉన్నాయి కాబట్టి అమ్మకమే మానేశాం.

అన్నిటికన్నా సులువైనది ఆక్స్. 3.5 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం, ఇయర్‌ఫోన్ పెట్టేలాంటిదే. చాలా బండ్లలో సెట్టు ముందే ఉంటుంది. కొన్నిట్లో గ్లవ్ బాక్స్‌లోనో, మధ్య ఆర్మ్‌రెస్ట్ మూత కిందో, గేర్ ముందు చిన్న అరలోనో దాక్కుని ఉంటుంది. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్ళు బండిలో అది ఉందని కూడా తెలియకుండా తిరుగుతుంటారు. ఇంకో చిక్కు: కొన్ని సెట్లలో వైరు గుచ్చేదాకా మెనూలో ఆక్స్ అన్న మాటే కనపడదు. కాబట్టి షాపుకి వచ్చేముందు ఒకసారి వెతికి, వైరు గుచ్చి చూడండి. దొరికితే ఆ వైరు ఖర్చుతో మీ పని అయిపోయినట్టే.

ఆక్స్‌లో సౌండు తక్కువగా వస్తోందనీ, మోత వస్తోందనీ వచ్చేవాళ్ళలో చాలామందికి అసలు రిపేరే అక్కర్లేదు. ఫోన్ వాల్యూమ్ సగానికి పెట్టి సెట్టు వాల్యూమ్ పూర్తిగా పెంచితే పాటతోపాటు మోత కూడా పెరుగుతుంది. ఫోన్‌నో ప్లేయర్‌నో ముప్పావు పైన పెట్టి, మిగతాది సెట్టు మీద తిప్పుకోండి. పూర్తిగా పెట్టినప్పుడు గొంతు చీలినట్టు వస్తే ఒక మెట్టు తగ్గించండి.

కొత్త ఫోన్లకి ఆ రంధ్రమే ఉండటం లేదు. "ఏటండీ, కొత్త ఫోనే కదా, పాట రాదేటి?" అని వారానికి ఒకరైనా అడుగుతారు. టైప్ సి నుంచి 3.5కి మార్చే చిన్న ముక్కలు రెండు రకాలు. ఒకదాంట్లో చిప్ ఉండదు, ఫోనే పాటని మామూలు శబ్ద సంకేతంగా మార్చి పంపాలి. కొన్ని ఫోన్లు పంపుతాయి, చాలా ఫోన్లు పంపవు. రెండోదాంట్లో ఆ మార్చే చిప్ లోపలే ఉంటుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, ధరలో తేడా ఉంటుంది. మేము చిప్ ఉన్నదే పెడుతున్నాం. మీ ఫోన్‌కి పెట్టి, మీ బండిలో పాట వినిపించాకే డబ్బులు ఇవ్వండి.

యూఎస్‌బీ ఉన్న సెట్ల దగ్గర గందరగోళం ఎక్కువ. ఫోన్ గుచ్చితే చార్జ్ అవుతుంది, పాట రాదు. సెట్టు పాడైందేమోనని టెన్షన్ పడకండి. పాత సెట్టు యూఎస్‌బీలో ఒక పెన్ డ్రైవ్‌ని చూడాలనుకుంటుంది. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లు తమని తాము పెన్ డ్రైవ్‌లా చూపించుకోవు, ఎంటీపీ అనే వేరే పద్ధతిలో మాట్లాడతాయి. సెట్టుకి ఆ భాష రాదు. ఇక కొన్ని బండ్లలో ఉన్న యూఎస్‌బీ చార్జింగ్‌కి మాత్రమే, సెట్టుకి దాని వైరే వెళ్ళదు. పెన్ డ్రైవ్ పెట్టినా చదవకపోతే రెండు చూడండి. ఒకటి, ఫార్మాట్, అంటే డ్రైవ్‌లో ఫైళ్ళు అమర్చే పద్ధతి, ఫ్యాట్32 అయి ఉండాలి, ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్ఎస్ అంటే చాలా పాత సెట్లు పట్టించుకోవు. 32 జీబీ లోపు డ్రైవ్ కొనుక్కుంటే ఈ బాధ తక్కువ. రెండు, పాటలు ఎంపీ3లో ఉండాలి. డ్రైవ్ మా దగ్గరికి తెస్తే సరిచేసి ఇస్తాం, దానికి ఏమీ తీసుకోం. కాకపోతే ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నదంతా పోతుంది. పిల్లల ఫొటోలు ఉంటే ముందే వేరేచోట దాచుకుని రండి.

అమెరికా నుంచి పిల్లలు పంపిన ఐపాడ్‌లు ఇప్పటికీ మన ఊళ్ళో తిరుగుతున్నాయి. కొందరు మాస్టార్లు వాటిలో వందల పద్యాలు పెట్టుకున్నారు. ఆపిల్ 2022లో ఐపాడ్ అమ్మకం ఆపేసింది కాబట్టి ఇక వాటిని జాగ్రత్తగా చూసుకోవాలి. సెట్టు ఐపాడ్‌ని యూఎస్‌బీలో చదవాలంటే ఆ సెట్టుని దానికోసమే తయారుచేసి ఉండాలి, మామూలు యూఎస్‌బీ సెట్టు చదవదు. అందుకని ఐపాడ్ ఉన్నవాళ్ళకి హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఆక్స్‌కి కలపడమే మా సలహా. ఏ సంవత్సరం ఐపాడ్ అయినా పనిచేస్తుంది.

బ్లూటూత్ గురించి ఒక్క ముక్క. కాల్స్‌కి ఒక పద్ధతి, పాటలకి ఇంకో పద్ధతి ఉంటాయి. కొన్ని పాత బండ్లలో కాల్స్‌ది మాత్రమే పెట్టి వదిలేశారు. ఫోన్ కలుస్తుంది, మాట వినిపిస్తుంది, పాట రాదు. అది రిపేరుతో వచ్చేది కాదు. ఆక్స్ ఉంటే చిన్న బ్లూటూత్ రిసీవర్ పెట్టుకోవచ్చు.

ఆక్స్ కూడా లేని పాత బండ్లే అసలైన పని. క్యాసెట్ సెట్టు ఉంటే క్యాసెట్ ఆకారంలో ఉండే అడాప్టర్ వస్తుంది. దానిలోని చిన్న హెడ్ సెట్టు హెడ్‌కి ఎదురుగా కూర్చుని పాటని అందిస్తుంది. ఎఫ్ఎం కన్నా చాలా నయం. ఆటో రివర్స్ సెట్టయితే, అంటే క్యాసెట్ ఒక సైడు అవ్వగానే తనే రెండో సైడుకి మారేదైతే, కొన్ని అడాప్టర్లతో పదేపదే సైడు మారుతుంటుంది, కొనేముందు పెట్టి చూసుకోవాలి. సీడీ సెట్టయితే కొన్నిటికి వెనకాల సీడీ ఛేంజర్ (చాలా సీడీలు పట్టే విడి పెట్టె) కోసం ఒక కప్లర్, అంటే వైర్లు గుచ్చే ప్లగ్గు, ఉంటుంది. దానికి ఉత్త ఆడియో వైరు కలిపితే పాట రాదు. ఛేంజర్ నిజంగా ఉందా అని సెట్టు ఇంకో లైనులో అడుగుతుంది, జవాబు రాకపోతే ఆ దారి తెరవదు. ఆ జవాబు చెప్పే అడాప్టర్ ఆ సెట్టు మోడల్‌కి సరిపోయేదే కావాలి. అది మన ఊళ్ళో దొరకదు, విశాఖ నుంచో ఆన్‌లైన్‌లోనో తెప్పించాలి, రోజులు పడుతుంది. కొన్ని మోడళ్ళకి అసలు దొరకదు, అప్పుడు దొరకదనే చెబుతాం. ఇదీ కుదరకపోతే చివరి దారి వైరుతో కలిపే ఎఫ్ఎం మాడ్యులేటర్. ఏంటెన్నా వైరుకీ సెట్టుకీ మధ్య కూర్చుంటుంది, ఆన్ చేసినప్పుడు బయటి ఏంటెన్నాని తప్పించేస్తుంది కాబట్టి విశాఖ స్టేషన్లు దూరవు. ఎఫ్ఎం పరిమితి దీనికీ ఉంటుంది. కానీ గాలిలో వదిలే రకంతో దీన్ని పోల్చకూడదు.

ఇక వైర్లు కోయడం. మా దగ్గరికి రిపేరుకి వచ్చే సెట్లలో బాధాకరమైనవి ఇవే. ఎక్కడో ఎవరో కప్లర్ కోసి, వైర్లు మెలిపెట్టి, ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేస్తారు. మన ఎండకి ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది. భోగాపురం, చింతపల్లి తీరం వైపు తిరిగే బండ్లలో ఉప్పుగాలికి రాగి తీగలు పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. స్పీకర్ మైనస్ వైరుని బండి బాడీకి కలిపేసినవీ చూశాం. ఇప్పటి సెట్లలో స్పీకర్ మైనస్ అంటే ఎర్త్ కాదు. దాన్ని బాడీకి కలిపితే లోపల శబ్దాన్ని పెంచే ఆంప్లిఫైయర్ చిప్ పోవచ్చు. అలాగే బ్లూటూత్ రిసీవర్‌కి పసుపు వైరు నుంచి కరెంటు ఇస్తారు. చాలా సెట్లలో పసుపు అంటే ఎప్పుడూ కరెంటు ఉండేది, ఎరుపు అంటే తాళం తిప్పితే వచ్చేది. పసుపు మీద పెట్టినది రాత్రంతా పనిచేస్తూనే ఉంటుంది, పొద్దున్నకి బ్యాటరీ దిగుతుంది. రంగులు నమ్మి కూడా పని చేయకూడదు, మీటరు పెట్టి చూడాలి.

వారంటీలో ఉన్న బండికి ఇది ఇంకా ముఖ్యం. వైరింగ్ కోసి ఉంటే, రేపు కరెంటుకి సంబంధించిన లోపం ఏదొచ్చినా దానివల్లే వచ్చిందని క్లెయిమ్ కాదనే అవకాశం ఇచ్చినట్టవుతుంది. అందుకే ఏ పనైనా కప్లర్ మీద కప్లర్ పెట్టి చేస్తున్నాం. తీసేస్తే బండి మళ్ళీ కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండాలి. కప్లర్ ఖరీదు వల్ల మా బిల్లు కొంచెం ఎక్కువ కనపడుతుంది, ఆ మాట నిజం. దాన్ని బిల్లులో విడిగా రాసి ఇస్తున్నాం, మా మజూరీ పెంచలేదు.

ఎక్సలేటర్ తొక్కినకొద్దీ కుయ్‌మని పెరిగే మోత వస్తుంటే ముందు ఫోన్ చార్జర్ పీకి చూడండి. మోత ఆగిపోతే తప్పు సెట్టుది కాదు. చార్జర్, ఆక్స్ రెండు దారుల్లో ఎర్త్ అయి, ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ శబ్దం లోపలికి వస్తోందన్నమాట. దీన్ని ఆపడానికి ఆక్స్ వైరు మధ్యలో పెట్టే ఐసొలేటర్ అనే చిన్న ముక్క ఉంది. బాగా చవకవి పెడితే మోతతోపాటు బేస్ కూడా తగ్గుతుంది. మృదంగం వినేవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పండి, మంచిది తెప్పిస్తాం.

బండి తెచ్చేటప్పుడు పాట వినే ఫోన్, లేదా ప్లేయర్ కూడా తెండి, ఇంట్లో వదిలి రావద్దు. కొన్ని సెట్లు బ్యాటరీ తీస్తే మళ్ళీ కోడ్ అడుగుతాయి, ఆ కార్డు బండి పుస్తకాల సంచీలో ఉందేమో వెతకండి. కోడ్ లేకపోతే బ్యాటరీ తీయాల్సిన పని మొదలుపెట్టం. చూసి చెప్పడానికి డబ్బులు తీసుకోం. డ్యాష్‌బోర్డు విప్పాల్సి వస్తే ఆ మాట ముందు చెప్పి, మీరు సరేనన్నాకే విప్పుతాం, దానికి పూట పడుతుంది కాబట్టి పొద్దున్నే రండి. పైడితల్లి అమ్మవారి పండగకి తొలేళ్ళు, సిరిమాను రోజుల్లో మా వైపు రోడ్లు బండ్లకి తెరిచి ఉండవు, ఆ సోమ మంగళవారాల్లో పని తీసుకోం. ఛేంజర్ అడాప్టర్ కోసం అడ్వాన్సు ఇచ్చి ఎదురుచూస్తున్నవాళ్ళు ఒకసారి షాపుకి ఫోన్ చేయండి. మీ మోడల్‌ది దొరకదని తేలితే మీ డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చేస్తాం.