బాయిలర్ గాలి గొట్టానికి మూత ఉంటే ఈరోజు పొయ్యి వెలిగించకండి

అన్నలకు, అక్కలకు నమస్తే. మిర్యాలగూడలోని మా వెల్డింగ్ షాపులో స్నానాల నీళ్లకని కట్టెల బాయిలర్ చేయించుకున్న ప్రతి ఇంటికీ ఇది రాస్తున్నా.

పోయిన వారం దేవరకొండ వైపు ఒక ఊళ్లో మేం చేసిచ్చిన బాయిలర్ పగిలింది. తెల్లవారుజామున, పెరట్లో ఎవరూ లేనప్పుడు. రోజూ ఆ టైంకి ఇంటావిడ పొయ్యి ముందే కూర్చుంటుందట, ఆ మాట విన్నప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు.

వెళ్లి చూస్తే ట్యాంకు అడుగు కుండలా కిందికి ఉబ్బి ఉంది, జాయింటు జానెడు పొడవున విచ్చుకుంది, నీళ్లు మంట మీద పడి తడి బూడిద గోడ నిండా కొట్టుకుంది. ఆవిరి, ఒత్తిడి బయటికి పోవడానికి పెట్టిన గాలి గొట్టంలోంచి వేడినీళ్లు చిమ్ముతున్నాయని ప్లంబరు దానికి మూత బిగించాడు. చన్నీళ్లు వచ్చే పైపుకు, నీళ్లను వెనక్కి పోనివ్వని నాన్‌రిటర్న్ వాల్వు ముందే ఉంది. ఇక నల్లాలన్నీ కట్టేసి ఉంటే లోపలి ఒత్తిడికి ఎటూ దారి లేదు. నీళ్లు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు ఎక్కువ చోటు కావాలి. కరెంటు గీజరులో థర్మోస్టాట్ ఆపేస్తుంది, కట్టెల పొయ్యికి అలాంటిదేమీ లేదు, మంట ఉన్నంతసేపూ కాగుతూనే ఉంటాయి.

ప్లంబరును అనను. గొట్టం చివర థ్రెడ్డింగ్ చేసి ఇచ్చింది నేను, అది కనబడితే ఎవరైనా మూత పెట్టేదే అనుకుంటారు. నీళ్లు చిమ్మడానికి కారణమూ నేనే, బాయిలర్‌కు చన్నీళ్లు ఇచ్చే పై ట్యాంకు నీళ్ల మట్టం కంటే ఆ గొట్టాన్ని జానెడు ఎత్తే ఉంచాను. దానికి మూత పెట్టొద్దని ఒక్కరికీ చెప్పలేదు.

ఇప్పుడు థ్రెడ్డింగ్ లేకుండా, చివర ఏటవాలుగా కోసి, ఆ పై ట్యాంకు మట్టం మీద మూడడుగులు లేపి పెడుతున్నా. పాతవన్నీ నేనే వచ్చి మారుస్తా, పైసా వద్దు. ఈలోపు మూత ఉంటే వేడి మీద తిప్పకండి, మంట ఆరి, నీళ్లు పూర్తిగా చల్లబడ్డాకే తీయండి.

పగిలిన ట్యాంకును కోసి చూస్తే ఇంకోటి బయటపడింది. లోపల గుడ్డు పెంకంత మందాన తెల్లటి సున్నం, గోటితో గీకితే రేకులు రేకులుగా ఊడింది. మన బోరు నీళ్ల సంగతి తెలిసిందే. ఆ పొర వల్ల మంట వేడి నీళ్లకు సరిగా అందదు, రేకు కాలిపోతుంది, కట్టెలు ఎక్కువ పడతాయి. అందుకే చెయ్యి పట్టేంత క్లీనింగ్ మూత ఒకటి పెడుతున్నా. పాతవాటికి కావాలంటే సామాన్ల ఖర్చు మాత్రం ఇవ్వండి.

ఇవన్నీ అయ్యేదాకా కొత్త ఆర్డర్లు తీసుకోను. సంక్రాంతికి ఇస్తానన్నవి ఆలస్యమవుతాయి, అడ్వాన్సు వెనక్కి కావాలంటే అడగండి, ఇచ్చేస్తా.

ఈ వారం దేవరకొండ, హాలియా వైపు వస్తున్నా. ఇంట్లో ఒకరుండేలా చూడండి, ఆ పొద్దు మాత్రం పొయ్యి వెలిగించకండి, ఇనుము చల్లగా ఉంటేనే పని మొదలుపెట్టగలను.