టూల్ డిస్క్రిప్షన్ల గురించి ఒక మాట

నిన్న రాత్రి ఆర్డర్ స్టేటస్ అడిగితే మన ఏజెంట్ (టూల్స్, అంటే మనం రాసిచ్చిన ఫంక్షన్లు, వాడి పనులు చేసే ఏఐ ప్రోగ్రామ్) వెళ్లి రీఫండ్ టూల్‌ని పిలిచింది. టెస్ట్ సర్వర్ కాబట్టి బతికిపోయాం. లాగ్స్ చూస్తే తప్పు ఏఐ మోడల్‌ది కాదు, మనదే. రెండు టూల్స్‌కీ ఒకటే వివరణ: "ఆర్డర్ విషయాలు చూసుకుంటుంది". కాపీ పేస్ట్ చేసింది నేనే లెండి.

మోడల్‌కి మన కోడ్ కనిపించదు. టూల్ పేరు, వివరణ, పారామీటర్ల స్కీమా (టూల్‌కి ఏ వివరాలు ఏ రూపంలో ఇవ్వాలో చెప్పేది), అంతే. ఎంసీపీ (మోడళ్లకి టూల్స్ కలిపే ఒక ప్రామాణిక పద్ధతి) సర్వర్ అయినా ఇదే కథ. ఇప్పుడు స్టేటస్ టూల్ వివరణని ఇలా మార్చాను: "ఆర్డర్ నంబర్ ఇస్తే డెలివరీ ఎక్కడిదాకా వచ్చిందో చెబుతుంది. దేన్నీ మార్చదు. డబ్బు వాపసుకి ఇది వాడొద్దు, రీఫండ్ టూల్ వాడాలి." ఆ చివరి వాక్యం పెట్టాకే దారికొచ్చింది.

పారామీటర్లూ చూసుకోండి. ఉత్తినే ‘యూజర్’ అని వదిలేస్తే పేరు పంపాలా, ఐడీ పంపాలా? 05/06 అంటే మనకి జూన్ 5, అమెరికా వాళ్లకి మే 6. అందుకే 2025-06-05 లాంటి ఉదాహరణ ఒకటి పక్కనే పెట్టండి.

అలాగని వ్యాసాలు రాయకండి, ప్రతి వివరణా కాంటెక్స్ట్‌లో (మోడల్ ఒకసారికి చదవగలిగే పరిమితిలో) చోటు తింటుంది. శుక్రవారంలోపు ఎవరి టూల్స్ వాళ్లు సరిచేసి ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.