బీచ్ రోడ్డు మీద కన్వెన్షన్ హాలు: విశాఖ కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

బీచ్ రోడ్డులోని హార్బర్ పార్కు స్థలంలో కన్వెన్షన్ సెంటర్ కడతామని 2018లో శంకుస్థాపన చేశారు. 2019లో కేటాయింపు రద్దయింది. ఇప్పుడు మళ్లీ అక్కడే మాల్ అంటున్నారు. ఊరికి పెద్ద హాలు వద్దని నేను అనను. 2023 పెట్టుబడుల సదస్సుకి ఆంధ్రా యూనివర్సిటీ ఇంజనీరింగ్ గ్రౌండ్‌లో టెంట్లు వేయాల్సి వచ్చింది. ఎన్నాళ్లని అలా?

నా అభ్యంతరమల్లా చోటు గురించే. మన తీరంలో ఏడాదిలో ఎక్కువ ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. ఔటర్ హార్బర్ గోడలు దాన్ని ఆపేస్తాయి. అందుకే డ్రెడ్జర్‌తో ఇసుక తోడి మన బీచ్‌లో పోయించుకోవాల్సి వస్తోంది. కోస్టల్ బ్యాటరీ దగ్గర ఒడ్డు ఎలా కోసుకుపోతుందో మీరే చూడొచ్చు. హుద్‌హుద్ తుపాను నాటి సముద్రాన్ని ఇక్కడెవరూ మర్చిపోలేదు.

ఇక ట్రాఫిక్. ఆదివారం సాయంత్రం కురుసుర సబ్‌మెరైన్ దగ్గర పిడత కింద పప్పు బళ్లు, ఐస్‌క్రీం బళ్లు, రోడ్డు వారన రెండు వరుసల బైకులు. మధ్యలో అంబులెన్స్ వస్తే డ్రైవర్ హారన్ కొట్టడం తప్ప చేయగలిగిందేం లేదు. నేవీ డే రోజు సంగతి చెప్పక్కర్లేదు. దీనికి మల్టీప్లెక్స్ సెకండ్ షో జనం కూడా తోడైతే?

పనులు మొదలయ్యేలోపు తీరంలో ఎక్కడ కట్టొచ్చో, ఎక్కడ కట్టకూడదో చూపే తీర నియంత్రణ మ్యాపు, ట్రాఫిక్ అధ్యయనం తెలుగులో బయటపెట్టండి. అభిప్రాయ సేకరణ స్టార్ హోటల్లో కాకుండా జాలరిపేటలో, వేటకెళ్లిన పడవలు తిరిగొచ్చాక పెట్టండి.

ఇట్లు,
ఒక విశాఖవాసి