పరాయి నగరంలో తిరగడం కూడా నేర్పాలి

సంపాదక మహాశయులకు నమస్కారములు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఏటా ఎందరో పిల్లలు పై చదువులకు విదేశాలు వెళుతున్నారు. వీసా ఇంటర్వ్యూలో ఏం చెప్పాలో, బ్యాంకులో ఎంత సొమ్ము చూపించాలో, పెట్టెలో ఎన్ని కిలోల పచ్చళ్లు పట్టించవచ్చో చెప్పేవారికి కొదవ లేదు గానీ, దిగిన మర్నాడు ఆ ఊళ్లో ఒంటరిగా ఎలా తిరగాలో చెప్పేవారు నాకైతే ఒక్కరూ కనిపించలేదు. జర్మనీలోని బెర్లిన్‌లో రెండేళ్లు చదువుకుని ఇటీవలే శ్రీకాకుళం తిరిగి వచ్చిన దానిని కనుక, ఈ లోటు గురించి మీ పత్రిక ద్వారా నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను.

మనం ఊరిని అడిగి తెలుసుకుంటాం. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఊళ్లో లేదని, ఆమదాలవలసలో దిగి బస్సో ఆటోనో పట్టుకోవాలని రైల్లో పక్కన కూర్చున్నవారు చెబుతారు. ఏడు రోడ్ల కూడలిలో ఏ దారి పట్టాలో ఆటో అతను చూపిస్తాడు. పలాస బస్సు ఎక్కడ ఆగుతుందో కాంప్లెక్స్‌లో ఎవరినడిగినా చెబుతారు. బెర్లిన్‌లో మాత్రం ఊరిని చదివి తెలుసుకోవాలి. బోర్డు, మ్యాప్, వేళల పట్టిక, చివరికి టికెట్ మీది చిన్న అక్షరాలు కూడా చదవాలి. ఆ అలవాటు మనకు ఎవరూ చేయలేదు.

నా తొలి వారంలో జరిగిన సంగతే చెబుతాను. అక్కడి మెట్రో స్టేషన్లలో గేట్లు ఉండవు. నేను మిషన్‌లో టికెట్ కొని, మన ఆర్టీసీ టికెట్‌లాగే భద్రంగా పర్సులో పెట్టుకుని రైలెక్కాను. ఆ కాగితపు టికెట్‌ను ప్లాట్‌ఫారం మీది చిన్న పెట్టెలో ఉంచి తేదీ, వేళ ముద్ర వేయించుకుంటే గాని చెల్లదని నాకు తెలియదు. మామూలు దుస్తుల్లో వచ్చిన తనిఖీవారు 60 యూరోల జరిమానా రాశారు. మన లెక్కలో అది ఐదు వేల రూపాయలకు పైమాటే. నాకు రెండు వారాల తిండి ఖర్చు. ఎవరైనా ముందుగా ఒక్క మాట చెప్పి ఉంటే ఆ సొమ్ము మిగిలేది. టికెట్ల కోసం ఆ నగరాన్ని ఏ, బీ, సీ అని మూడు జోన్లుగా విభజించారని, విమానాశ్రయం సీలో ఉన్నందున ఏబీ టికెట్‌తో అక్కడికి వెళ్లకూడదని కూడా తరువాతే తెలిసింది. చాలా విశ్వవిద్యాలయాల్లో సెమిస్టర్ ఫీజులోనే ప్రయాణ టికెట్ కలిసి వస్తుంది. అది దేశమంతటా చెల్లే రకమైనా ప్రాంతీయ రైళ్ల వరకే గాని, ఐసీఈ వంటి దూరపు వేగ రైళ్లలో పనికి రాదు. ఈ తేడా తెలియక జరిమానా కట్టిన మన పిల్లలను చూశాను.

ఇల్లు వెతకడం మరో పరీక్ష. బెర్లిన్‌లో ఒకే పేరుతో వీధులు అనేకం ఉన్నాయి కాబట్టి పిన్‌కోడ్ లేని చిరునామాతో బయలుదేరితే ఊరికి ఆ చివర తేలవలసి వస్తుంది. కొన్ని పాత వీధుల్లో ఇళ్ల నంబర్లు ఒక వైపున వరుసగా చివరిదాకా వెళ్లి, రెండో వైపు నుంచి వెనక్కి వస్తాయి. ఫ్లాటు నంబరు అడిగితే లేదంటారు. గుమ్మం దగ్గర బెల్లు పక్కనున్న ఇంటిపేరే గుర్తు. అన్నిటికన్నా ముఖ్యమైనది రోడ్డు దాటడం. మనకు అలవాటుగా చూపు ముందు కుడివైపు పోతుంది, అక్కడ బండ్లు ఎడమ నుంచి వస్తాయి. అమెరికా వెళ్లే పిల్లలకూ ఇదే ప్రమాదం. దీన్ని తల్లిదండ్రులు ఇక్కడే పదేపదే చెప్పి పంపాలని నా మనవి.

ఆడపిల్లల తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేది చీకటి గురించి. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగు కాకుండానే పొద్దు గుంకుతుంది కనుక క్లాసు నుంచి చీకట్లో రావడం తప్పదు. శుక్ర, శని రాత్రుల్లో మెట్రో తెల్లవార్లూ నడుస్తుంది, మిగతా రాత్రుల్లో ‘ఎన్’ అక్షరంతో మొదలయ్యే బస్సులు ఉంటాయి. అత్యవసర నంబరు 112. ఇంతవరకు ముందే తెలిస్తే సగం భయం పోతుంది.

నాకు ఆ ఊరి మీద భయం పోయి ఇష్టం కలిగింది ఒక ఆదివారం నాడు. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. నగరం నడిమి భాగం చుట్టూ తిరిగే రింగ్ రైలు ఎక్కి, తోచిన చోటల్లా దిగి, వీధులు నడిచి, మళ్లీ ఎక్కాను. 27 స్టేషన్లున్న ఆ చుట్టు పూర్తి కావడానికి సుమారు గంట పడుతుంది. ఆ చుట్టులో ఎస్41 అనే రైళ్లు గడియారం ముల్లు తిరిగే దిశలో, ఎస్42 అనేవి ఎదురు దిశలో నడుస్తాయి. రైలు మీద రాసి ఉండే చివరి స్టేషన్ పేరును బట్టి దిశ తెలుసుకోవడం అలవాటు చేసుకున్న నాకు, చివరి స్టేషనే లేని ఆ రైలు మ్యాప్ చదవడం నేర్పింది. సాయంత్రానికి ఎవరినీ అడగకుండా ఇల్లు చేరాను.

కనుక రెండు జిల్లాల కళాశాలలకు, విద్యార్థులను పంపే కన్సల్టెన్సీలకు నా విన్నపం: ప్రయాణాలకు ముందు కనీసం ఒక పూట దీనికోసం కేటాయించండి. వెళ్లబోయే నగరపు రవాణా మ్యాప్ పిల్లల చేతికిచ్చి, విమానాశ్రయం నుంచి హాస్టల్‌కు, హాస్టల్ నుంచి తరగతికి దారి వారి చేతనే వెతికించండి. ఆ నగరాల్లో చదివి, సెలవులకు ఇంటికి వచ్చిన మన పిల్లలనే పిలిచి మాట్లాడించండి. శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ ఎవరు ఏర్పాటు చేసినా, ఏ ఆదివారమైనా సొంత ఖర్చుతో వచ్చి బెర్లిన్ మ్యాప్ చదవడం నేర్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయురాలు,
ఒక పూర్వ విద్యార్థిని, శ్రీకాకుళం