మూత పెట్టారు సరే, అడుగు సంగతేంటి?

రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది హైదరాబాద్ శివారు దమ్మాయిగూడ. జవహర్‌నగర్ చెత్తగుట్ట మా డాబా మీదికి కనిపిస్తుంది. పాత గుట్ట మీద ఇప్పుడు గడ్డి మొలిచింది. కొత్తగా అద్దెకు వచ్చినవాళ్లు ఆ పచ్చటి కొండ ఏమిటని అడుగుతారు. రాత్రి గాలి ఇటు తిరిగాక మళ్లీ అడగరు. ఇళ్లు చూపించే బ్రోకర్లు మాత్రం మనుషుల్ని మిట్టమధ్యాహ్నమే తీసుకొస్తారు.

క్యాపింగ్ చేయడం, అంటే పాత గుట్టను పైనుంచి కప్పేయడం, తప్పని అనడం లేదు. హైదరాబాద్ ఏళ్ల తరబడి పారబోసిన కోటి టన్నులకు పైగా చెత్తను కప్పడం చిన్న పని కాదు. వాన నీళ్లు లోపలికి దిగకపోతే చెత్తలోంచి ఊరే నల్లనీళ్లు తగ్గుతాయి, అంతవరకు మేలే. కానీ ఆ పాత చెత్తను నేరుగా నేల మీదే పోశారు. కుండకు మూత పెట్టారు, అడుగు లేదు. లోపల ఇప్పటికే ఉన్న రసం కిందికి దిగుతూనే ఉంటుంది. అధికారులు లీచెట్ అనేది దాన్నే. మల్కారం చెరువు నల్లబడింది దానివల్లే. లీచెట్ శుద్ధికి ప్లాంటు పెట్టారు, సంతోషం. పైకి దొరికిన నీళ్లను అది శుభ్రం చేస్తుంది. భూమిలోకి దిగినదాన్ని ఎవరు పట్టుకోవాలి?

మాది గ్రానైట్ నేల. నీళ్లు రాతి పగుళ్ల వెంట నడుస్తాయి. మా బోరులో పసుపు నీళ్లు వస్తే రెండిళ్ల అవతల తేటగా ఉంటాయి. అందుకే నాలుగు చోట్ల నమూనాలు తీసి "అంతా బాగుంది" అంటే మాకు నమ్మకం కుదరదు. మా నీళ్ల సీసా ఒక ఆఫీసులో ఇచ్చి ఏడాది దాటింది. ఏ ఆఫీసో చెప్పను గానీ, రిపోర్టు అడిగితే సీసా ఏదని మమ్మల్నే అడిగారు.

2016లో తెచ్చిన ఘన వ్యర్థాల నిబంధనల్లో ఒక మాట స్పష్టంగా చెప్పారు: మూసేసిన ల్యాండ్‌ఫిల్‌ను, అంటే చెత్త పోసిన స్థలాన్ని, కనీసం 15 ఏళ్లు కనిపెట్టుకుని ఉండాలి. పైకప్పు కోసుకుపోకుండా చూడాలి, భూగర్భజలాన్ని, గ్యాస్‌ను పరీక్షిస్తుండాలి. మా గుట్టకు ఆ 15 ఏళ్లు ఏ తేదీ నుంచి లెక్క? ఆ ఖర్చు ఎవరి పద్దులో ఉంది?

మేం అడిగేది పెద్దదేం కాదు. దమ్మాయిగూడ, మల్కారం, బాలాజీనగర్‌లలో వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి బోర్లు పరీక్షించండి. అమ్మోనియా, నైట్రేట్, సీసం ఎంతెంత ఉన్నాయో వార్డు ఆఫీసు గోడకు తెలుగులో అంటించండి. ఏ బోరు నీళ్లు తాగకూడదో ఆ బోరు మీద ఎర్ర రంగు వేయండి. అది మా బోరే అయినా సరే.

ఇట్లు,
దమ్మాయిగూడ నివాసి